పనికి వెళ్తున్నాను: ఇంగ్లీషులో ఎన్ని విధాలు?

- పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. ఇంగ్లీషు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు కబురు చేశారు. కవిత రాయడం నాకు చేతకాదు. మన సంచికలో కవితలకు కొరత కూడా లేదు. నేను చదువుతున్నది ఇంగ్లీషు కనుక ఇంగ్లీషు మీదే ఒక పాఠం రాస్తున్నాను.

పాఠం అనగానే పేజీ తిప్పేయకండి. ఇందులో టెన్సుల పట్టికలు లేవు. ఒకే ఒక్క మాట గురించి చెప్పుకుందాం. అది ‘పనికి వెళ్లడం’. ఈ మాటే ఎందుకు తీసుకున్నానంటే, మన ఇళ్లలో తెల్లారగానే మొట్టమొదట వినపడేది ఇదే. ఇంటర్ అయ్యాకో, డిగ్రీ అయ్యాకో మీరు ఒకరోజు ఎవరో ఒకరి ఎదురుగా కుర్చీలో కూర్చుంటారు. మీ అమ్మగారు ఏం చేస్తారు, ఎప్పటి నుంచి పనిలోకి రాగలరు, రోజూ ఎలా వస్తారు అని అడుగుతారు. చాలా చిన్న ప్రశ్నలు. జవాబు మనకు తెలుసు. కానీ వర్క్ అనే మాట ముందు ఏం పెట్టాలి, వెనక ఏం పెట్టాలి అన్న దగ్గర నోరు ఆగిపోతుంది. తెలివైన పిల్లలు కూడా అక్కడ తల దించుకుంటారు. ఆ ఇబ్బంది పోవాలనే ఈ పాఠం.

ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. పైకి గట్టిగా చదవడానికి ఇదే సుళువు. స్పెల్లింగులు మీకు తెలిసినవే కాబట్టి మీ నోటుబుక్కులో ఇంగ్లీషులో రాసుకోండి.

‘ద’ ఎక్కడ పెట్టకూడదు?

పనికి వెళ్లడం అంటే ‘గో టు వర్క్’. అంతే. ‘గో టు ద వర్క్’ కాదు, ‘గో టు వర్క్స్’ కాదు. గో టు స్కూల్, గో టు కాలేజ్, గో టు బెడ్ అన్నట్టే ఇది కూడా. ఒక చోటికి ఏ పని కోసం వెళ్లాలో ఆ పని కోసమే వెళ్తే మధ్యలో ‘ద’ రాదు. మీరు చదువుకోవడానికి వెళ్తే ‘ఐ గో టు స్కూల్’. పేరెంట్స్ మీటింగుకు మీ అమ్మ వస్తే ‘మై మదర్ వెంట్ టు ద స్కూల్’. ఆమె చదువుకోవడానికి రాలేదు కదా, అందుకని అక్కడ ‘ద’ వచ్చింది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం బాధ తీరిపోతుంది.

ఇంటికి వెళ్లడానికి ‘ద’ మాత్రమే కాదు, ‘టు’ కూడా అక్కరలేదు. ‘గో హోమ్’ చాలు. కనుక ‘ఐ గో టు వర్క్ ఎట్ నైన్ అండ్ గో హోమ్ ఎట్ సిక్స్’ అంటే తొమ్మిదింటికి పనికి వెళ్తాను, ఆరింటికి ఇంటికి వెళ్తాను అని. ఒక దానికి టు ఉంది, ఇంకో దానికి లేదు. ఎందుకు అని అడిగితే ఆ భాష వాళ్లు అలా మాట్లాడతారు అనడం తప్ప చెప్పేదేమీ లేదు. మనం ‘ఊరికి వెళ్తున్నా’ అనీ ‘ఊరు వెళ్తున్నా’ అనీ రెండూ అంటాం. ఎందుకని ఎవరైనా అడిగితే మనం మాత్రం ఏం చెప్తాం?

ఇంకో సంగతి. చాలా పని ఉంది అని చెప్పడానికి మనవాళ్లు ‘ఐ హావ్ సో మెనీ వర్క్స్’ అంటారు. వర్క్ అనే మాట నీళ్లు, ఇసుక లాంటిది, ఒకటి రెండు అని లెక్కపెట్టరు. ‘ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్’ అనాలి. వర్క్స్ అని చివర స్ చేరిస్తే అర్థాలు వేరు. కర్మాగారాన్ని ‘వర్క్స్’ అంటారు. రోడ్లు, కాలువలు కట్టే శాఖను పబ్లిక్ వర్క్స్ అన్నది నిర్మాణ పనులన్న అర్థంలో.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. మన ఊళ్లో ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పడానికి ఒకే మాట వాడం. మాస్టారు ‘బడికి వెళ్లారు’. కండక్టరు ‘డ్యూటీకి వెళ్లాడు’. గుమాస్తా గారు ‘ఆఫీసుకు వెళ్లారు’. మా అమ్మ మాత్రం ‘పనికి పోయింది’, లేకపోతే ‘కూలికి పోయింది’. మాట వినగానే ఎవరి స్థాయి ఏమిటో తెలిసిపోతుంది. ‘వెళ్లారు’ దగ్గర ఒకరు, ‘పోయింది’ దగ్గర ఒకరు. ఇంగ్లీషులో కలెక్టరు గారూ గోస్ టు వర్క్, మిరపకోతకు వెళ్లే మనిషీ గోస్ టు వర్క్. ఇంగ్లీషువాళ్ల దేశంలో ఎక్కువ తక్కువలు లేవని కాదు, బోలెడు ఉన్నాయి. కానీ ఈ ఒక్క మాటలో అవి కనపడవు. మన వైపు నుంచి చూస్తే అది తక్కువ విషయం కాదు.

రోజూ వెళ్లడం, ఇప్పుడు వెళ్లడం

తెలుగులో ‘నేను రోజూ పనికి వెళ్తాను’ అంటాం. ‘నేను రేపు పనికి వెళ్తాను’ అనీ అంటాం. ‘వెళ్తాను’ అనే ఒక్క మాటే అలవాటుకూ పనికొస్తుంది, రేపటికీ పనికొస్తుంది. ఇంగ్లీషులో ఈ రెంటినీ విడదీస్తారు. రోజూ అయితే ‘ఐ గో టు వర్క్’. రేపు అయితే ‘ఐ విల్ గో టు వర్క్ టుమారో’ లేదా ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్ టుమారో’.

మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్ డైలీ’ దగ్గర. తెలుగులో ‘రోజూ వెళ్తున్నాను’ అని కూడా అంటాం కాబట్టి ఆ ‘తున్నా’ను యథాతథంగా ‘ఇంగ్’గా మార్చేస్తాం. రోజూ జరిగేదానికి ఇంగ్ అవసరం లేదు. ‘ఐ గో టు వర్క్ ఎవ్రీ డే’ అంటే సరిపోతుంది. అయితే కొద్దికాలం కోసం చేసే పనికి ఇంగ్ బాగా నప్పుతుంది. వేసవి సెలవుల్లో బట్టల షాపులో పనిచేస్తున్నారనుకోండి, ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ క్లాత్ షాప్ దిస్ సమ్మర్’ అనవచ్చు. సెలవులు అయిపోతే ఆ పని కూడా అయిపోతుందని ఆ ఇంగ్‌లోనే తెలిసిపోతుంది. స్థిరమైన ఉద్యోగం అయితే ‘ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్’.

‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్’ అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి, ఎప్పుడైనా గమనించారా? ఒకటి, నేను పనికి వెళ్తున్నాను. రెండు, నేను పని చేయబోతున్నాను. ఆదివారం నాడు ఇంట్లో చాప మీద కూర్చుని ‘ఐ యామ్ గోయింగ్ టు వర్క్ హార్డ్ టుడే’ అంటే ఎక్కడికీ వెళ్లనట్టే. దారిలో ఉన్నానని స్పష్టంగా చెప్పాలంటే ‘ఐ యామ్ ఆన్ మై వే టు వర్క్’ అనండి. ఫోనులో ఎక్కువగా ఉపయోగపడే వాక్యం ఇది. బస్సు ఇంకా ఎక్కకుండానే ఇది చెప్పేవాళ్లు ఇంగ్లండులోనూ ఉంటారు, మన దగ్గరా ఉంటారు.

అమ్మ ఏం చేస్తుంది?

‘వాట్ డజ్ యువర్ మదర్ డూ?’ అని అడిగితే, ఇప్పుడు ఈ నిమిషంలో ఆమె ఏం చేస్తోంది అని కాదు. ఆమె వృత్తి ఏమిటి అని. ‘వాట్ డూ యూ డూ ఫర్ ఎ లివింగ్?’ అన్నా అదే, బతుకుతెరువు ఏమిటని.

ఈ ప్రశ్నకు మన పిల్లలు ఇచ్చే జవాబులు రెండు రకాలు. ఎక్కువమంది ‘హౌస్ వైఫ్’ అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండి, క్యారేజీ కట్టుకుని, ఆటోలో పదిమందితో ఇరుక్కుని చేలకు పోయి, సాయంత్రం దాకా నడుం వంచి పనిచేసే మనిషి హౌస్ వైఫ్ ఎలా అవుతుంది? నిజానికి ఆమె ఇంటి పనీ చేస్తుంది, బయటి పనీ చేస్తుంది. హౌస్ వైఫ్ అంటే రెండో పని లెక్కలోంచి పోతుంది. ఆ రెండో పని డబ్బులతోనే కదా మన ఫీజులు కట్టింది.

రెండో జవాబు ‘మై మదర్ ఈజ్ కూలీ’. నిజమే చెప్పారు, కానీ ఈ మాటతో జాగ్రత్త. మన భాషలో కూలి అంటే చేసిన పనికి వచ్చే డబ్బు. తప్పు మాట కాదు, కష్టార్జితం. కానీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ మాట తిట్టుగా మారింది. దాని వెనక పెద్ద కథ ఉంది. 19వ శతాబ్దంలో తెల్లవాళ్ల చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పందాల మీద మనుషులను ఓడల్లో తీసుకుపోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూడా వెళ్లారు. మారిషస్‌లో తెలుగువాళ్లను ఆ రేవు పేరు మీదనే పిలిచేవారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరింది. అలా వెళ్లిన వాళ్లందరికీ అక్కడి దొరలు పెట్టిన పేరు కూలీ. తరువాత వాళ్ల పిల్లలకూ అదే పేరు, వ్యాపారం చేసుకునేవాళ్లకూ అదే పేరు. 1893లో దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీ గారు బారిస్టరు అయినా ఆయన్ని ‘కూలీ బారిస్టర్’ అన్నారు. ఆ దేశాల్లో ఇప్పటికీ ఆ మాట అంటే గొడవలవుతాయి. మన రైల్వేలో కూడా స్టేషన్లలో సామాన్లు మోసేవాళ్లను ఇకమీదట సహాయక్ అని పిలవాలని 2016 రైల్వే బడ్జెట్‌లో ప్రకటించారు.

అందుకని ఇంగ్లీషులో ఇలా చెప్పండి. ‘మై మదర్ ఈజ్ యాన్ అగ్రికల్చరల్ లేబరర్’. ఫారాల్లో రాయడానికి ఇది సరైన మాట, జనాభా లెక్కల్లోనూ ఇదే వాడతారు. మాట్లాడేటప్పుడు ఇంకా తేలికగా ‘షీ ఈజ్ ఎ ఫార్మ్ వర్కర్’ అనవచ్చు. ‘షీ వర్క్స్ ఆన్ అదర్ పీపుల్స్ ఫార్మ్స్’ అంటే ఇతరుల పొలాల్లో పనిచేస్తుంది అని. కౌలుకు చేస్తే ‘మై ఫాదర్ ఈజ్ ఎ టెనెంట్ ఫార్మర్’. తాపీ పని చేస్తే ‘హీ ఈజ్ ఎ మేసన్’. చెప్పులు కుడితే ‘హీ ఈజ్ ఎ కాబ్లర్’ అనవచ్చు, ‘హీ మేక్స్ అండ్ మెండ్స్ ఫుట్‌వేర్’ అంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అందులో ఆయన చేసే పని కనపడుతుంది. మున్సిపాలిటీలో వీధులు ఊడ్చే పని అయితే ‘షీ ఈజ్ ఎ శానిటేషన్ వర్కర్’. రోజు కూలి అయితే ‘డైలీ వేజ్ వర్కర్’. నెల జీతాన్ని శాలరీ అంటారు, రోజుకో వారానికో లెక్కగట్టి ఇచ్చేదాన్ని వేజెస్ అంటారు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు గొంతు తగ్గించకండి. అడిగిన వాళ్లు కాగితంలో ఒక గడి నింపుకోవడానికే అడుగుతారు చాలాసార్లు. గొంతు తగ్గిస్తే వాళ్లు రెండోసారి అడుగుతారు, అప్పుడు మరీ కష్టం. కనుక వాక్యం ముందే తయారుగా ఉంచుకోండి, పది సార్లు పైకి అనండి.

బయలుదేరడం నుంచి చేరడం వరకు

ఇంటి నుంచి పనికి బయలుదేరడాన్ని ‘లీవ్ ఫర్ వర్క్’ అంటారు. ‘ఐ లీవ్ ఫర్ వర్క్ ఎట్ సెవెన్’. ఇక్కడ టు కాదు, ఫర్. ‘సెట్ ఆఫ్ ఫర్ వర్క్’ అన్నా అదే. చేరుకోవడం అయితే ‘గెట్ టు వర్క్’. ‘ఐ గెట్ టు వర్క్ ఎట్ ఎయిట్’ అంటే ఎనిమిదింటికల్లా అక్కడ ఉంటాను. అయితే ఈ ‘గెట్ టు వర్క్’కు ఇంకో అర్థం కూడా ఉంది. మేస్త్రి వచ్చి ‘గెట్ టు వర్క్!’ అన్నాడంటే కబుర్లు ఆపి పని మొదలుపెట్టండి అని.

‘ఆఫ్’ అనే మాట ఇంకా తమాషా అయినది. ‘ఐ యామ్ ఆఫ్ టు వర్క్’ అంటే పనికి బయలుదేరాను. ‘ఐ యామ్ ఆఫ్ టుడే’ అంటే ఈ రోజు నాకు సెలవు. ఒకదానికి ఒకటి పూర్తిగా ఎదురు. ‘ఐ యామ్ ఆఫ్ వర్క్’ అన్నా పనికి వెళ్లడం లేదనే. మధ్యలో ఒక్క టు ఉందా లేదా అన్నదాన్నిబట్టి మీ హాజరు మారిపోతుంది! లైటు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయింది, అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది. అలారం ఆఫ్ అయిందనుకుని పడుకుంటే ఆ రోజు పని పోయినట్టే.

ఎలా వెళ్తారు అని అడిగితే ‘బై బస్’, ‘బై ఆటో’, ‘బై ట్రైన్’. మధ్యలో ఎ కానీ ద కానీ లేదు. నడిచి వెళ్తే మాత్రం ‘బై వాక్’ అనకండి. తెలుగువాళ్లు ఎక్కడ ఉన్నా ఈ మాటతో గుర్తుపట్టేయవచ్చు. ‘ఐ వాక్ టు వర్క్’ అనండి, లేదా ‘ఐ గో ఆన్ ఫుట్’.

రోజూ ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి చేసే ప్రయాణాన్ని ‘కమ్యూట్’ అంటారు. పేపర్లలో తరచుగా కనిపిస్తుంది. ఈ మాట పుట్టుక చెప్తే మీరు మర్చిపోరు. కమ్యూట్ అంటే అసలు అర్థం మార్చడం, తగ్గించడం. ఉరిశిక్షను యావజ్జీవంగా తగ్గించడాన్ని ఇప్పటికీ కమ్యూట్ చేయడం అంటారు. మాస్టార్లు రిటైరైనప్పుడు పింఛను కమ్యుటేషన్ అంటారు, అదీ ఈ మాటే. 1840ల ప్రాంతంలో అమెరికాలో రైలు కంపెనీలు రోజూ పట్టణానికి వచ్చిపోయేవాళ్లకు చార్జీ తగ్గించి కమ్యుటేషన్ టికెట్లు అమ్మేవి. ఆ టికెట్టు మీద ప్రయాణించేవాళ్లు కమ్యూటర్లు అయ్యారు. టికెట్టు పేరు మనిషికి వచ్చింది, మనిషి నుంచి ప్రయాణానికి వచ్చింది. మీ కాలేజీ బస్ పాసు కూడా ఆ జాతిదే.

పనిలో చేరడం

ఉద్యోగం మొదలుపెట్టడాన్ని మామూలుగా ‘స్టార్ట్ వర్క్’ అంటారు. ‘వెన్ కెన్ యూ స్టార్ట్?’ అంటే ఎప్పుడు చేరగలరు? ‘ఐ కెన్ స్టార్ట్ ఆన్ మండే’ అని చెప్పవచ్చు. వెంటనే అయితే ‘ఐ కెన్ స్టార్ట్ రైట్ అవే’. పరీక్షలున్నాయా, ‘ఐ కెన్ స్టార్ట్ ఆఫ్టర్ మై ఎగ్జామ్స్’. ఉద్యోగం పోతుందేమోనని భయపడి కుదరని తేదీ చెప్పకండి.

మన ఆఫీసుల్లో ‘జాయిన్ డ్యూటీ’ అంటారు, జాయినింగ్ రిపోర్టు రాసిస్తారు. మన దేశంలో అది చెల్లుబాటు అయ్యే మాటే. తప్పు అని కొట్టేయడం నాకు ఇష్టం లేదు, ఇన్ని కోట్లమంది వాడే మాట తప్పు ఎలా అవుతుంది? కానీ విదేశీ కంపెనీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘ఐ జాయిన్డ్ ద కంపెనీ ఇన్ జూన్’ అనండి. ‘ఫ్రెషర్’ కూడా అలాంటిదే. మన దగ్గర అనుభవం లేని కొత్త ఉద్యోగి. ఇంగ్లండులో ఫ్రెషర్ అంటే యూనివర్సిటీలో కొత్తగా చేరిన విద్యార్థి.

‘సైన్ ఆన్’ అనే మాట చూడండి. మన రైళ్లు నడిపే లోకో పైలట్లు డ్యూటీ ఎక్కేటప్పుడు సైన్ ఆన్, దిగేటప్పుడు సైన్ ఆఫ్ చేస్తారు. బ్రిటన్‌లో ‘హీ ఈజ్ సైనింగ్ ఆన్’ అంటే ఉద్యోగం లేక ప్రభుత్వ భృతి కోసం సంతకం పెడుతున్నాడని! ఒకే మాట ఒకచోట పని ఉన్నవాడికి, ఇంకోచోట పని లేనివాడికి.

‘డ్యూటీ ఎక్కడం’ అన్నాను కదా. ఇంగ్లీషువాళ్ల ఆన్ డ్యూటీ, ఆఫ్ డ్యూటీలను మనవాళ్లు బస్సు ఎక్కి దిగినట్టు మార్చుకున్నారు. ఇంతకంటే మంచి అనువాదం ఏ పండితుడూ చేయలేడని నా అభిప్రాయం.

హాజరు

పనికి రాగానే సమయం నమోదు చేసుకోవడాన్ని ‘క్లాక్ ఇన్’ అంటారు, వెళ్లేటప్పుడు ‘క్లాక్ అవుట్’. పంచ్ ఇన్ అన్నా అదే. 1888లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే ఊళ్లో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారి కార్మికుల రాకపోకల సమయం ముద్రించే గడియారం తయారుచేశాడు. ఆయన కంపెనీ ఇంకొన్నిటితో కలిసి, 1911లో ఒక పెద్ద సంస్థలో భాగమై, 1924లో ఐబీఎం అనే పేరు పొందింది. కంప్యూటర్ల ఐబీఎం అదే. ఇప్పుడు వేలిముద్ర పెట్టినా, ముఖం చూపించినా మాట మాత్రం క్లాక్ ఇన్, పంచ్ అనే ఉండిపోయింది.

మన పల్లెల్లో దీనికి వేరే మాట ఉంది. మస్టరు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక ‘మస్టరు పడిందా?’ అని అడగని ఇల్లు లేదు. సింగరేణి గనుల్లో అంతకుముందు నుంచే మస్టర్లు ఉన్నాయి. ఇది ‘మస్టర్’ అనే ఇంగ్లీషు మాట. సైనికులను ఒకచోట చేర్చి లెక్కపెట్టడం దాని అర్థం. ‘పాస్ మస్టర్’ అంటే ఆ తనిఖీలో నెగ్గడం, సరిపోతుందని అనిపించుకోవడం. చదువురాని మా అమ్మమ్మ నోట్లో కూడా ఉన్న ఈ మాట కోసం మీరు డిక్షనరీ చూడనక్కరలేదు.

గంటల విషయం వచ్చింది కనుక ఒక మాట. ‘నైన్ టు ఫైవ్ జాబ్’ అంటే తొమ్మిది నుంచి అయిదు దాకా ఉండే మామూలు ఆఫీసు ఉద్యోగం. పనికి ఇంత అని ఒక హద్దు ఉండటం దానంతట అది రాలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. 1946లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చి వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించారు. ఆయన ఫోటో మన హాస్టల్లో ఉంది కానీ ఈ సంగతి ఉపన్యాసాల్లో తక్కువ వినిపిస్తుంది.

పనిలోకి దిగడం

కూర్చుని పని మొదలుపెట్టడాన్ని ‘గెట్ డౌన్ టు వర్క్’ అంటారు. డౌన్ అంటే కిందికి. మనం కూడా పనిలోకి దిగాం అంటాం, చేలోకి దిగాం అంటాం. ఇద్దరం కిందికే వెళ్లాం. ‘రోల్ అప్ యువర్ స్లీవ్స్’ అంటే చొక్కా చేతులు పైకి మడవడం, అంటే కష్టమైన పనికి సిద్ధపడటం. చలిదేశం కనుక వాళ్లవి పొడుగు చేతులు. మనం నడుం బిగిస్తాం, కొంగు బిగిస్తాం. ‘బ్యాక్ టు ద గ్రైండ్’ అంటే సెలవుల తరువాత మళ్లీ రోజువారీ చాకిరీలో పడటం. గ్రైండ్ అంటే తిరగలిలో విసరడం. మన గానుగెద్దు దానికి చుట్టమే.

ఇలాంటి జాతీయాలు అర్థమైతే చాలు. ఇంటర్వ్యూలో గుప్పించాలని చూడకండి. మామూలు మాటలు తడబడకుండా చెప్పేవాళ్లకే మార్కులు ఎక్కువ పడతాయి.

రాలేనప్పుడు

ఆలస్యమైతే ‘ఐ యామ్ రన్నింగ్ లేట్’ అంటే చాలు. పరిగెత్తుతున్నానని కాదు, ఆలస్యమవుతోందని. తరువాత ఎంతసేపో చెప్పండి: ‘ఐ విల్ బీ దేర్ ఇన్ ట్వెంటీ మినిట్స్’. జ్వరం వస్తే ఫోన్ చేసి చెప్పడాన్ని ‘కాల్ ఇన్ సిక్’ అంటారు. ‘ఐ యామ్ నాట్ వెల్. ఐ కాన్ట్ కమ్ టు వర్క్ టుడే’. ఆడపిల్లలు కారణం ఇంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదు, నాట్ వెల్ చాలు. ‘ఐ పుట్ లీవ్’ అనేది తెలుగులోంచి వచ్చింది. ‘ఐ టుక్ లీవ్’ అనండి. సెలవులో ఉంటే ‘ఐ యామ్ ఆన్ లీవ్’. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అంటే బయటి దేశాల వాళ్లకు అర్థం కాదు, అది కంపెనీ దొరల కాలం నాటి మాట. ‘అవుట్ ఆఫ్ టౌన్’ అనండి.

అభ్యాసం

కింది వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు అడగండి, ఒకరు చెప్పండి. రాసినది ట్యూటర్ మేడమ్ గారికి చూపించండి.

మా అమ్మ పొద్దున ఆరింటికి పనికి బయలుదేరుతుంది. ఆమె ఇతరుల పొలాల్లో పనిచేస్తుంది. మా నాన్న తాపీ పని చేస్తాడు, ఈ నెల గుంటూరులో చేస్తున్నాడు. మా అక్క ఎనిమిదింటికల్లా ఆసుపత్రికి చేరుకుంటుంది, ఆమె అక్కడ నర్సు. ఈ రోజు అక్కకు సెలవు. నేను నడిచి కాలేజీకి వెళ్తాను. నేను జూన్ నుంచి పనిలో చేరగలను.